బాపు నోట విన్నది ‘తెగి’నా, ‘మొగి’నా?

ఓరుగల్లు బిడ్డ: రెండు రోజులుగా ఒక కందపద్యం సగంలో ఆగి సతాయిస్తున్నది. 1985లో ‘తేరీ మెహర్బానియా’ వచ్చినప్పుడు మా బాపు (నాన్న) నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకొని హన్మకొండ తీసుకుపోయాడు. యజమానిని చంపినవాళ్ల మీద కుక్క పగ తీర్చుకుంటుంటే హాలంతా ఈలలు, నాకేమో ఏడుపు. తిరిగొచ్చేటప్పుడు బాపు సరమ పద్యం ఎత్తుకున్నాడు. నన్నయ భారతం ఆదిపర్వంలో, తన పిల్లను కొట్టారని సరమ అనే తల్లి కుక్క జనమేజయ మహారాజుకు చెప్పే పద్యం అది. ‘తగునిది తగదని యెదలో వగవక సాధులకుఁ బేదవారల కెగ్గుల్’ దాకా బాగానే గుర్తుంది. ఆ తర్వాత ‘తెగి చేయు’ అన్నట్టే ఇప్పటికీ చెవుల్లో ఉంది. మీరెవరైనా అట్లా విన్నారా?

కందప్రియుడు: ‘మొగిఁ జేయు దుర్వినీతుల కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్.’ మంచివాళ్లకు, పేదవాళ్లకు కీడు చేసే దుర్మార్గులకు కారణం లేకుండానే భయాలు వచ్చిపడతాయని భావం. ‘మొగి’యే అక్కా. మా తరగతిలో సార్ వంద సార్లు చెప్పించాడు.

ఓరుగల్లు బిడ్డ: ప్రాస చూడండి. తగు, వగ, అగు. ‘తెగి’లోనూ గకారమే కదా! గణం కూడా చెడదు.

కందప్రియుడు: నిజమే. యతి రెండో పాదంలో ‘వ, వా’; నాలుగో పాదంలో ‘అగు, అయిన’ అచ్చుల మధ్య కుదిరే స్వరయతి. మూడో పాదంలో యతి లేనే లేదు. ఛందస్సు ఎటూ తేల్చదు. కానీ తెగించి చేసేవాడు తప్పని తెలిసే చేస్తాడు. ఇక్కడివాళ్లు ‘వగవక’, అసలు ఆలోచించకుండానే చేశారు. నన్నయ ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టడు.

జనగామ చదువరి: ‘మొగి’కి మీరు ఏ అర్థం తీసుకుంటున్నారు? ‘పూని’ అని చాలామంది చెప్తారు. నాకైతే ‘కూడి’ అనే అనిపిస్తుంది. హవిస్సును, అంటే యాగంలో వేల్చే పదార్థాన్ని, నాకని, కనీసం దాని వంక చూడని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు ముగ్గురు కలిసి కొట్టారు. ఒక్క పిల్ల మీద ముగ్గురు! తల్లి కడుపుమంట ఆ ఒక్క మాటలో ఉంది.

కందప్రియుడు: పద్యం నీతిగా చెప్పింది, ఆ ముగ్గురికే కట్టేయకండి. ‘పూని’ అంటేనే అందరికీ వర్తిస్తుంది.

పాలకుర్తి తమ్ముడు: కుక్క మాట వచ్చింది కాబట్టి మా పాల్కురికి సోమనను వదిలిపెట్టను. బసవపురాణంలో కుక్క చేత వేదం చదివించిన కథ ద్విపదలో చదవండి. నన్నయ కుక్క రాజుకు బుద్ధి చెప్తే, సోమన కుక్క పండితులకు చెప్పింది. నాకు రెండోదే గొప్ప. పిల్లలకు కూడా నోటికి ఎక్కే తెలుగు అది.

జనగామ చదువరి: వేదం దాకా పోతే ఋగ్వేదం పదో మండలం 108వ సూక్తంలోనే సరమ ఉంది. దొంగలు దాచిన ఆవుల జాడ పట్టి, పణులనే ఆ దొంగలతో ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. సినిమా కుక్కలకు అసలు పెద్దమ్మ ఆమెనే. కుక్కకు ‘సారమేయం’ అనే మాట కూడా ఆమె పేరు నుంచే.

కందప్రియుడు: 1943లో ‘లాసీ కమ్ హోమ్’లో ఆడకుక్క వేషం కట్టిన పాల్ మగ కుక్క. కళ్లతోనే అంత చెప్పింది. ఆ పాత బొమ్మల్లో నాకు నచ్చేది అదే. కుక్క ఎవరిని చూసి గుర్రుమంటే వాడే దుర్మార్గుడు. నేల టికెట్ పిల్లవాడికి కూడా అనుమానం ఉండదు.

ఓరుగల్లు బిడ్డ: అవును, నేనూ కుక్క ముఖమే చూశాను, మనుషుల డైలాగులు ఒక్కటీ గుర్తులేవు. కానీ నా ‘తెగి’ సంగతి మీరెవరూ చెప్పలేదు! బాపు పద్యం తప్పు చదివే మనిషి కాదు. ఆయన చదువుకున్న ఆదిపర్వం పెద్దన్న ఇంట్లో ఉంది. ఆదివారం పోయి చూసి, ఫొటో పెడతాను.

జనగామ చదువరి: పక్కన ప్రతిపదార్థం ఉంటే అది కూడా పెట్టండి అక్కా. ‘కూడి’ అని ఉంటుంది.

కందప్రియుడు: ‘పూని’ అనే ఉంటుంది.