ఉరిశిక్ష మాటెత్తితే ఇంట్లో గొడవ, ఎలా మాట్లాడాలి?

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. 1993 మార్చి 8న దోపిడీకొచ్చిన ఇద్దరు పెట్రోలు పోసి బస్సు తగలబెడితే 23 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు కూడా ఉరి ఖాయం చేసింది కానీ, 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ మాటొస్తే నాన్న ఇప్పటికీ అన్నం ముందునుంచి లేచిపోతారు. "కాలిపోయినవాళ్లకి క్షమాభిక్ష ఎవరు పెట్టారు?" అంటారు.

మొన్న టీవీలో ఏదో హత్యకేసు వస్తుంటే, ఉరి వద్దు, చచ్చేదాకా జైల్లో ఉంచితే చాలన్నాను. అంతే! "నీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది" అని మావయ్య లేచాడు. అమ్మదీ అదే మాట. నానమ్మ మాత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "వాడి తల్లి ఏమైపోవాలిరా" అని గొణిగింది.

యావజ్జీవమంటే 14 ఏళ్లే అని మావయ్య వాదన. నాకు తెలిసి ఇలాంటి కేసుల్లో 14 ఏళ్లు నిండకుండా వదలకూడదనే ఉంది, నిండగానే వదలాలని కాదు. లాయర్లెవరైనా ఉంటే దీన్ని మావాళ్లకి అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పగలరా?

అసలు చట్టం చూపిస్తే నాన్న వింటారా అనేది నా టెన్షన్. ఆయన కోపం ఉత్తదని నేననను. మీ ఇళ్లలో ఇలాంటి వాదన వస్తే ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు? సంక్రాంతికి అందరం కలుస్తాం, ఆలోపు చెప్పండి.