సమస్య: పచ్చి మాంసము వడ్డించె భార్య పతికి

నిర్వాహకులు: ఈ శనాదివారాలకు ఇదిగో పాదం, దీన్ని చివర పెట్టి పద్యం పూరించండి. హైదరాబాదులో ఓ జంట రెండు రోజులు పొయ్యి వెలిగించకుండా హోటళ్లు తిరుగుతూ సేదదీరుతోంది. సందర్భం దాటి పోవద్దు, రాక్షస వివాహాలూ అరణ్యవాసాలూ వద్దు.

గోదావరిగట్టు:

పెరుగు పట్టిన ముక్కలఁ బేర్చి క్రింద
సగము నుడికిన బియ్యము చల్లి పైన
దమ్ము వేసిన హండిలోఁ దవ్వి తీసి
పచ్చి మాంసము వడ్డించె భార్య పతికి

పాతబస్తీ: "దవ్వి తీసి" దగ్గర మొక్కాలి. బిర్యానీ హండిలో గరిటె అంచు వెంట నిలువుగా అడుగు దాకా దింపితేనే తెల్లమెతుకు, కుంకుమపువ్వు మెతుకు, ముక్క ఒకే వడ్డనలో వస్తాయి. పైనుంచి కలిపితే మెతుకు విరిగి ముద్దవుతుంది. కానీ "సగము నుడికిన" ఏమిటండీ? ఉత్వసంధి నిత్యం, "సగముడికిన" కావాలి. ఆ "ను" గణం నింపడానికి వచ్చి కూర్చుంది. వంట ప్రకారమూ నిలవదు. సగమే ఉడికిన బియ్యం పరిస్తే మాంసంలోంచి లేచే ఆవిరి పై పొరకు చాలదు, పైమెతుకు బిరుసుగా మిగులుతుంది. ముప్పాతిక ఉడకాలి. మెతుకు నొక్కితే నడుమ సన్నని పలుకు తగిలినప్పుడు వార్చాలి. ఇలా మార్చండి:

మూడు పాళ్లన్న ముడికించి మూసి పైన

గోదావరిగట్టు: యతి బాగా కుదిరింది, ఒప్పుకుంటాను. కానీ మూడు పాళ్లు దేనిలో? నాలుగింటనా, అయిదింటనా? గణానికి "ను" నింపడం దోషమైతే, అర్థానికి "నాలుగింట" వదిలేయడమూ దోషమే.

యతిమిత్ర: మీరిద్దరూ బియ్యం దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు విడలేదు. దమ్ము దిగాక ముక్క పచ్చిగా ఉండదు, ఉంటే ప్లేటు వెనక్కి పంపాలి. పచ్చిదనం కచ్చి గోష్త్ (పచ్చి మాంసం పేర్చి దమ్ము వేసే బిర్యానీ) అనే పేరుకే పరిమితమని పద్యం చెప్పాలి కదా.

పేరు పచ్చిది, ముక్కేమొ వెన్న వోలెఁ
గరఁగి యెముకను విడిపోయె గంటలోన
ప్లేటు నొక్కటె తెప్పించి ప్రియముతోడ
పచ్చి మాంసము వడ్డించె భార్య పతికి

పాతబస్తీ: సమస్య ఇప్పుడు విడింది. "ప్లేటు నొక్కటె" అన్నది ఊరు తిరుగుతూ తినేవాళ్ల మాట. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నడక, ఆపైన ఇరానీ చాయ్, ఆదివారం తెల్లవారుతూనే చార్మినార్ వైపు నహారీ (పొద్దుటి మాంసం పులుసు) అనుకున్న జంట చెరో ప్లేటు చెప్తే సాయంత్రానికే కడుపు మొరాయిస్తుంది. "గంటలోన" కూడా లెక్కకు సరిపోయింది. ఇంట్లో కిలో మాంసం, కిలో బాస్మతి హండికి పెద్దమంట పావుగంట, ఆవిరి తన్నాక కింద పెనం పెట్టి సన్నమంట మీద ముప్పావుగంట. పెనం మరిస్తే అడుగు మాడి, ఆ వాసన పైదాకా పాకుతుంది.

నల్లేరు: క్రమాలంకారంలో నా ప్రయత్నం, ప్రశ్నలకు జవాబులు వరుసగా చివరి పాదంలో.

ఎట్టి బొప్పాయి? యడుగున నేమి యుండు?
వెయిటరేమిటి చేసెను వేడిగాను?
పేర్లు చెప్పిన దెవ్వరు? బిల్లెవరికి?
పచ్చి, మాంసము, వడ్డించె, భార్య, పతికి

నిర్వాహకులు: అయిదు ప్రశ్నలకు అయిదు మాటలు, ఒక్క అక్షరం వృథా పోలేదు. "పచ్చి"ని మాంసం నుంచి ఊడదీసి బొప్పాయికి తగిలించడమే ఈ వారానికి మేటి విరుపు. పండిన బొప్పాయి ఇక్కడ పనికిరాదు. పచ్చికాయ పాలలోని పపైన్ అనే ఎంజైము మాంసం పీచును సడలిస్తుంది. కిలోకు తొక్కతో నూరిన ముద్ద ఒక పెద్ద చెంచా, పావుకిలో గట్టి పెరుగు, కనీసం నాలుగు గంటలు నాననివ్వడం. ముద్ద రెట్టింపైతే ముక్క పిండిలా రాలుతుంది. అసలు వేయకపోతే బియ్యం ఉడికిపోయినా ముక్క సాగుతుంది. పెరుగు పల్చనైతే ఆ నీరంతా అన్నంలోకి ఎక్కుతుంది, ముందే గుడ్డలో వడగట్టాలి.

గోదావరిగట్టు: నల్లేరు గారు బొప్పాయి విషయంలో ఇంత కచ్చితంగా ఉన్నందుకు సంతోషం. మొన్నటి చాయ్ సమస్యలో మాత్రం "పాలఁ బొడి వేసి మరిగించి పంచెఁ జాయి" అన్నారు. అది ఇరానీ చాయ్ కాదు, ఇంటి టీ.

నల్లేరు: యతి తప్పిందా? గణం తప్పిందా?

గోదావరిగట్టు: రెండూ తప్పలేదు, చాయ్ తప్పింది. డికాక్షన్‌ను మూత బిగించి సన్నసెగ మీద విడిగా దమ్ము చేస్తారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడే దాకా మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. కలిపి మరిగిస్తే పొడి వగరు పాలకు పట్టి, ఆ చిక్కని తీపి రాదు. ఉస్మానియా బిస్కట్ ముంచినా ఆ వగరు పోదు. ఇలా ఉండాల్సింది:

పొడిని వేఱుగ దమ్మిచ్చి పోసెఁ జాయి

నల్లేరు: బాగుంది. మరి ఈ పాదంలో పాలెక్కడ? ఇలా పోస్తే అది సులేమానీ.