మైనర్ 9, మైనర్ 11 కార్డులు పట్టేదెలా?

కాకినాడ_స్ట్రమ్మర్:
గిటార్‌లో మామూలు మైనర్ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), మైనర్ 7లు, బార్ కార్డులు బానే వస్తాయి. ఈ మధ్య ఒక కార్డ్ షీట్‌లో డి మైనర్ 9, ఏ మైనర్ 11 కనిపించాయి. లెక్కేస్తే ఏ మైనర్ 11లో ఏ, సి, ఇ, జి, బి, డి అని ఆరు స్వరాలు తేలాయి, నాకున్నవేమో నాలుగు వేళ్ళు, అన్నీ ఎలా పట్టాలి? ఇంకోటి, సి మేజర్ పాటలో ఇ మైనర్ బదులు ఇ మైనర్ 9 వేస్తే పాడేవాళ్ళు నా వంక అదోలా చూస్తున్నారు. ఎందుకంటారు?

జాజ్_పిచ్చోడు:
అన్నీ పట్టక్కర్లేదు బ్రో. ఈ అంకెలన్నీ రూట్ నుంచి, అంటే కార్డుకి పేరిచ్చిన స్వరం నుంచి లెక్కేసే స్థానాలు, 9 అంటే పై స్థాయిలో 2, 11 అంటే పై స్థాయిలో 4. ముందు 5 తీసేయ్, అది లేదని ఎవరూ కనిపెట్టరు. బేస్ వాయించేవాడుంటే రూట్ కూడా అతనికే వదిలేయొచ్చు. 3, 7 మాత్రం వదలకు. డి మైనర్ 9కి 5వ స్ట్రింగ్ (అన్నిటికన్నా లావుది 6వది) 5వ ఫ్రెట్‌లో, అంటే మెడ మీది 5వ గడిలో మధ్యవేలు, 4వ స్ట్రింగ్ 3లో చూపుడువేలు, 3వ స్ట్రింగ్ 5లో ఉంగరపు వేలు, 2వ స్ట్రింగ్ 5లో చిటికెన వేలు. డి, ఎఫ్, సి, ఇ వచ్చేశాయి. 6వ స్ట్రింగ్‌ని మధ్యవేలి కొసతో తాకి మ్యూట్ చెయ్, లేకపోతే కింద గుయ్యిమంటూ మొత్తం చెడగొడుతుంది. ఏ మైనర్ 11కి 6, 4, 3 స్ట్రింగులు 5వ ఫ్రెట్‌లో, 2వది 3లో. ఇందులో 9 ఉండదు, అయినా 11 అనే రాస్తారు.

తంబురా_శ్రుతి:
రెండో ప్రశ్నకి నేను చెప్తానండి. శంకరాభరణం, అంటే సి మేజర్ స్వరాలతోనే గ్రహభేదం చేసి, అంటే వేరే స్వరాన్ని షడ్జమం చేసుకుని చూడండి. డి షడ్జమైతే ఖరహరప్రియ, ఏ అయితే నఠభైరవి, రెండింట్లోనూ చతుశ్రుతి రిషభమే (షడ్జమానికి రెండు అర స్వరాలు పైది), మైనర్ 9 కార్డులోని 9 కూడా అదే కాబట్టి హాయిగా అతుకుతుంది. ఇ షడ్జమైతే తోడి వస్తుంది, అక్కడ శుద్ధ రిషభం (ఒక్క అర స్వరమే పైది), అంటే ఎఫ్. పాడేవాళ్ళు ఎఫ్ పాడుతుంటే మీరు ఎఫ్ షార్ప్ మోగిస్తున్నారు, చూడరూ మరి! అక్కడ ఇ మైనర్ 7 చాలు. రంగు కావాలంటే 11 వేయండి, దానికి వేళ్ళే అక్కర్లేదు, ఆరు స్ట్రింగులూ ఖాళీగా మీటితే అదే.

కాకినాడ_స్ట్రమ్మర్:
ఖాళీగా మీటి చూశా, నిజమే! ఏ మైనర్ 9కి కూడా ఇలాంటి సులువైన పట్టు ఉందా?

జాజ్_పిచ్చోడు:
ఉంది. 4, 3 స్ట్రింగులు 5వ ఫ్రెట్‌లో నొక్కి 5, 2, 1 ఖాళీగా వదిలెయ్, 6వది మాత్రం కొట్టకు. ఐదు స్వరాలూ ఉంటాయి. 3వ స్ట్రింగ్‌లో సి, పక్కనే ఖాళీ బి, మధ్యలో అర స్వరమే తేడా, అందుకని ముందు ట్యూనింగ్ చూసుకో, ఏ కాస్త తప్పినా ఈ కార్డులో దొరికిపోతావ్.