45 ఏళ్లకే ఉద్యోగ విరమణ: ఏడాది ఖర్చుకు 25 రెట్ల నిధి మనకు సరిపోతుందా?

నిజాంపేట వాసి:
నాకు 31 ఏళ్లు, నా భార్యకు 29. ఇద్దరమూ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాము. అద్దెతో కలిపి నెలకు 70 వేలు, అంటే ఏడాదికి 8 లక్షల 40 వేల రూపాయలు ఖర్చవుతోంది. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెట్టి, తొలి ఏడాది అందులో 4 శాతం తీసుకుని, తరువాత ధరలు పెరిగినంత మేర ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోవచ్చునన్న లెక్క ప్రకారం మాకు 2 కోట్ల 10 లక్షలు కావాలి. నెలకు 60 వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) ఎస్ఐపీ, అంటే నెలనెలా పెట్టుబడిగా కడుతున్నాము. ఏటా 11 శాతం రాబడి వచ్చినా నాకు 45 నిండేసరికి అది 2 కోట్ల 37 లక్షలు అవుతుంది. కనుక అప్పటికి ఉద్యోగం మానేయవచ్చునని నా వాదన. మా మామగారేమో ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అంటున్నారు. ఇక్కడి సభ్యులు ఏమంటారు?

పద్దుల పుస్తకం:
మీ మామగారి సామెత సంగతి తరువాత చూద్దాం, ముందు మీ లెక్కలోనే ఒక చిక్కు ఉంది. ఖర్చు నేటి ధరల్లో వేశారు, నిధి మాత్రం 14 ఏళ్ల తరువాతి రూపాయల్లో చూపించారు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే నేటి 8 లక్షల 40 వేల ఖర్చు అప్పటికి దాదాపు 19 లక్షలవుతుంది. దానికి 25 రెట్లంటే 4 కోట్ల 75 లక్షలు. మీరు చెబుతున్న 2 కోట్ల 37 లక్షలు అందులో సరిగ్గా సగం.

రెండవది, ఈ 25 రెట్ల సూత్రం ఎక్కడ పుట్టిందో గమనించండి. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు, 1926 నుంచి ఉన్న అమెరికా షేర్ల, బాండ్ల రాబడులను పట్టి చూసి, 30 ఏళ్ల విశ్రాంత జీవితానికి 4 శాతం చొప్పున తీసుకోవచ్చునని తేల్చారు. 1998లో ట్రినిటీ విశ్వవిద్యాలయ ఆచార్యులు చేసిన అధ్యయనం దానికి ప్రచారం తెచ్చింది. అది 65వ ఏట ఉద్యోగం మానేవారికి సరిపోయే లెక్క. మీరు 45కే మానేస్తే, మీ భార్య 88 ఏళ్లు జీవిస్తారనుకున్నా ఆ నిధి 45 ఏళ్లు నడవాలి. నేనైతే 35 రెట్లకు తక్కువ ఒప్పుకోను. అంటే 6 కోట్ల 65 లక్షలు.

నిజాంపేట వాసి:
ధరల విషయం సరే, కానీ ఎస్ఐపీ 60 వేల దగ్గరే ఆగిపోతుందని నేను అనలేదు. జీతంతో పాటు దానిని ఏటా 10 శాతం పెంచితే అదే 11 శాతం రాబడితో 4 కోట్ల వరకు వస్తుంది. ఇద్దరి పీఎఫ్ నిల్వలు వేరు. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు, పెద్ద బ్యాంకుల డిపాజిట్లు అంత ఇవ్వవు. ఇక 35 రెట్ల మాటకొస్తే, బెంగెన్ గారి 4 శాతం సగటు మీద వేసింది కాదు, 1966లో విరమించినవారి వంటి అతి చెడ్డ సందర్భం కూడా గట్టెక్కేలా వేసింది. ఆ 25 రెట్లకు మళ్ళీ మరో పది కలిపితే, భయంతో మరో ఆరేడేళ్లు ఆఫీసుకు అంకితం చేసినట్టే.

పద్దుల పుస్తకం:
అతి చెడ్డదే, కాని అమెరికాలో అతి చెడ్డది. జపానులో నిక్కీ సూచీ 1989 డిసెంబరులో చేరిన శిఖరాన్ని మళ్ళీ 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు. అంత దూరం పోనక్కరలేదు, మన దగ్గరే చూడండి. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8 వేల దరిదాపులకు పడిపోయింది. ఆ జనవరిలోనే కోటి రూపాయలు మొత్తం షేర్లలో పెట్టి ఉద్యోగం మానేసిన మనిషికి పది నెలల్లో మిగిలినది 40 లక్షల లోపే. అక్కడి నుంచి ఏటా తీసుకునే 4 లక్షలు మిగిలిన సొమ్ములో పదో వంతుకు మించుతాయి. 2010 నవంబరుకు సూచీ తిరిగి 21 వేలకు చేరింది నిజమే, కాని ఈ మధ్యలో ఇంటి ఖర్చుకు అమ్ముకున్న యూనిట్లు తిరిగి రావు కదా. సగటు రాబడి ఎంతన్నది ఒక ఎత్తయితే, చెడ్డ ఏళ్లు మొదట్లోనే రావడం మరొక ఎత్తు. అందుకే ఉద్యోగం మానడానికి ఐదారేళ్ల ముందు నుంచే కొంత సొమ్మును షేర్ల నుంచి తీసి పీపీఎఫ్, డిపాజిట్ల వైపు మళ్ళించమంటాను. అలా మళ్ళించినప్పుడు మీరు వేసుకున్న 11 శాతం కూడా నిలవదు.

అనకాపల్లి బెల్లం:
ఇంత గొడవ ఎందుకండీ? శంకరపల్లి వైపు ఒక వెంచర్‌లో రెండు ప్లాట్లు కొని పడేస్తే సరిపోతుంది. మా బంధువులలో బాగుపడినవారందరూ భూమి మీదే బాగుపడ్డారు.

నిజాంపేట వాసి:
బాగుపడనివారు పెళ్ళిళ్లలో ఆ సంగతి చెప్పుకోరు కదండీ. నెలఖర్చు కోసం ప్లాటులో పది గజాలు కోసి అమ్మలేము, ఖాళీ స్థలానికి అద్దె కూడా రాదు.

కృష్ణాతీరం:
రెట్ల మీద మీ ఇద్దరి వాదన చదివాను. కాని 45 ఏళ్లకు మానాలా వద్దా అన్నది ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుందన్నట్టు మాట్లాడుతున్నారు. మా వారికి 44వ ఏట కంపెనీయే సెలవిచ్చింది. అప్పటికి మా దగ్గర మీరు చెప్పే 25 రెట్లలో సగం కూడా లేదు. అయినా ఆ ఉన్నదే మమ్మల్ని అప్పుల పాలు కాకుండా కాపాడింది. కాబట్టి ఎస్ఐపీ పెంచమనే నేనూ అంటాను, అది 45కు మానడానికని మాత్రం అనను.

మీ ఇద్దరి లెక్కల్లోనూ కనిపించనిది తల్లిదండ్రుల వైద్యం. నిజాంపేట వాసి గారూ, మీ 70 వేలలో అది లేదని అనుకుంటున్నాను, ఎందుకంటే ప్రస్తుతం దానిని మీ కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీ భరిస్తూ ఉండాలి. ఉద్యోగం పోతే ఆ పాలసీ కూడా పోతుంది. మా అత్తగారికి చక్కెర వ్యాధి, బీపీ రెండూ ఉన్నాయి. అప్పటికప్పుడు సొంత పాలసీ తీసుకున్నాము, కాని ముందు నుంచీ ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం అంటూ కొన్నేళ్లు ఏమీ ఇవ్వరు. 2024 ఏప్రిల్ నుంచి ఆ గరిష్ఠ గడువును నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు, వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసివేశారు. కంపెనీ పాలసీ ఉందన్న ధీమాతో ఆగకుండా, తల్లిదండ్రులకు వేరే పాలసీ ఇప్పుడే తీసుకుంటే ఆ మూడేళ్లూ మీరు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతాయి.

పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోకండి. 15 వేల జీతం పరిమితిని 22 ఏళ్ల సర్వీసుతో గుణించి 70తో భాగించే సూత్రం ప్రకారం నెలకు 4,700 చిల్లర వస్తుంది, అదీ 58 నిండాక. ముందు మీ ఇద్దరి వైపు పెద్దల వయసులు, జబ్బులు, వారి ప్రీమియంలు ఆ 70 వేల కింద మరో పద్దుగా రాసి ఇక్కడ పెట్టండి. ఎన్ని రెట్లన్నది అప్పుడు వాదించుకుందాం.