ఎర్రజెండా పట్టేవాళ్లు ఓటు వేరేవాళ్లకి ఎందుకు వేస్తున్నారు? ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. కార్మిక పార్టీలకు కార్మికుల ఓట్లు ఎందుకు దూరమయ్యాయన్నది నా ప్రాజెక్టు.

బ్రిటన్‌లో బొల్సోవర్ బొగ్గుగనుల ప్రాంతం. 1950 నుంచి లేబర్ పార్టీ చేతిలో ఉన్న ఆ సీటు 2019లో కన్జర్వేటివ్‌లకు పోయింది. అది చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. మన దగ్గరా అంతే. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సీట్లు 15 అయినా ఓట్లు సుమారు 31 శాతం. 2024లో మన అసెంబ్లీకి వామపక్షాల నుంచి ఒక్కరూ గెలవలేదు.

మా అమ్మ కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. 2023 డిసెంబరు చివర్లో మొదలైన మున్సిపల్ సమ్మెలో రోజూ ఎర్రజెండా పట్టుకుని కూర్చుంది. ఆ జెండా కర్ర ఇప్పటికీ మా తలుపు మూలనే ఉంది. ఓటు మాత్రం వేరే గుర్తుకి. అడిగితే, "జీతం కోసం యూనియన్ నాయనా, పింఛనుకీ ఇంటి పట్టాకీ గెలిచేవాళ్లు కావాల గదా" అంది. తప్పని అనలేను. కానీ కారణం అంతేనా? కులమా? పార్టీ నాయకులు మా వీధికి రావడం మానేశారనా?

తెల్లవారుజామున మస్టరు (హాజరు వేసే చోటు) దగ్గర అమ్మ తోటివాళ్లను కలుస్తున్నాను. నోటుబుక్కు తీయగానే మాట మార్చేస్తున్నారు. మేస్త్రీకి తెలిస్తే పని పోతుందని వాళ్ల భయం. ఎవరికి వేశారని సూటిగా అడగకుండా మాట ఎలా కలపాలి? ఎన్నికల సంఘం లెక్కల్లో వృత్తి వివరాలు ఉండవు. ఓటర్లను అడిగి చేసే లోక్‌నీతి లాంటి సర్వేల్లో మన రాష్ట్ర కూలీల లెక్క విడిగా దొరుకుతుందా? ఇలాంటి పని చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.