అప్‌డేట్: మాకొచ్చిన జీఎస్టీ ఆర్డర్ మీద రిట్ (నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేయాలా, పన్ను శాఖలోనే పై అధికారికి అప్పీలా అని అడిగాను కదా

మీరు వద్దన్నా వినకుండా రిట్టే వేశామండి, అడ్మిషన్ దగ్గరే, అంటే విచారణకు తీసుకోకుండానే, కొట్టేశారు. జీఎస్టీ చట్టం సెక్షన్ 107 కింద అప్పీల్ ఉండగా ఇక్కడికెందుకొచ్చారు అన్నారు జడ్జిగారు. మా లాయర్‌గారు 1998 వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూపించారు, సహజ న్యాయం దెబ్బతింటే (అంటే మన మాట వినకుండానే ఆర్డర్ ఇచ్చేస్తే) రిట్ వినొచ్చని అందులో ఉన్నమాట నిజమే, కానీ మాకు నోటీసు, రెండు రిమైండర్లు పోర్టల్‌లో వచ్చినట్టు రికార్డులో తేలింది (మా అకౌంటెంట్ నిర్వాకం, ఏం చెప్పను). అసలు భయం అప్పీల్ గడువు గురించే. 3 నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో నెల, అంతే. అదీ దాటాక రిట్‌తో బయటపడదామంటే 2020లో గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు కుదరదంది, అది మన కాకినాడ పన్ను ఆర్డర్ గొడవే. మాకింకా 11 రోజులుండగానే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం కట్టేసి శుక్రవారం అప్పీల్ వేసేశాం, ఇక హియరింగ్ డేట్ రావాలి.