బీమా క్లెయిము ఇప్పిస్తామంటూ వచ్చేవారిని నిషేధించాలా, లైసెన్సు ఇచ్చి అదుపులో పెట్టాలా?

మూసారాంబాగ్ వాసి:
2020 అక్టోబరు హైదరాబాద్ వరదకు మా ఇంటి కింది భాగంలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. మేము బురద ఎత్తుతుండగానే మెడలో కార్డు వేలాడేసుకుని ఒకతను వచ్చాడు. గోడ మీద నీటి చార దాకా టేపు పెట్టి కొలిచి, "బీమా సర్వే" అన్నాడు. మా అమ్మ చేతులు చీర చెంగుకు తుడుచుకుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టింది. వచ్చే డబ్బులో 20 శాతం అతనికట! మేడ మీద పొడిగా ఉన్న ఫ్రిజ్‌ను కూడా జాబితాలో రాశాడు. మర్నాడు బీమా కంపెనీ పంపిన అసలు సర్వేయరు ఆ ఫ్రిజ్ సంగతి పట్టుకున్నాక, నిజంగా మునిగిన బీరువాను కూడా అనుమానంగానే చూశారు. ఇలాంటివారిని గుమ్మం తొక్కనివ్వకూడదు. పూర్తిగా నిషేధించాలి.

బేగంబజార్ వ్యాపారి:
మీ అమ్మగారికి జరిగింది అన్యాయమే. కానీ నిషేధిస్తే మావంటివారికి దిక్కెవరు? మా గోదాము కాలినప్పుడు స్టాకు లెక్కలు, అగ్నిమాపక శాఖ నివేదిక, జీఎస్టీ పత్రాలు ఒకచోట చేర్చడానికే నెల పట్టింది. సర్వేయరుకు ఫీజు ఇచ్చేది కంపెనీ. మన పక్షాన కూర్చునేవారే లేరు. అమెరికాలో చాలా రాష్ట్రాలు యజమాని తరఫున నష్టం లెక్కగట్టేవారికి లైసెన్సు ఇస్తాయి, ఫీజుకు హద్దు పెట్టిన రాష్ట్రాలూ ఉన్నాయి. ఆ కట్టడి మనకెందుకు వద్దు?

మూసారాంబాగ్ వాసి:
కాగితాల కష్టం నిజమే, కాదనను. అయినా ఆ 20 శాతం దేనికి ఇస్తున్నామో చూడండి. 1938 బీమా చట్టంలోని 64యూఎం సెక్షను కింద నష్టం అంచనా వేసే సర్వేయరుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉండాలి. ఆయనకు మనం పైసా ఇవ్వక్కరలేదు. ఆయన లెక్కే చివరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఫిర్యాదులు తీర్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల రూపాయల వరకు క్లెయిములు వింటారు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఒకే యజమాని నడిపే దుకాణాలకూ ఇది వర్తిస్తుంది. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. అదే ఊళ్లో ఉండి కూడా ఇవేవీ మాకు ఆనాడు ఎవరూ చెప్పలేదు.

అంబర్‌పేట అమ్మాయి:
మా నాన్నగారు నిన్ననే అలాంటి కాగితం మీద సంతకం పెట్టారు. ఇప్పుడు ఏం చేయాలి?

బేగంబజార్ వ్యాపారి:
భయపడకమ్మా. మా తరఫున మాట్లాడే అధికారం ఎవరికీ లేదని ఈ రోజే కంపెనీకి మెయిల్ రాయించు. అసలు బిల్లులు, ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. స్టాంపు కాగితం నకలును ఒక వకీలుకు చూపించండి. ఇంటికి ఎవరు వచ్చినా లైసెన్సు నంబరు అడిగి, కంపెనీకి ఫోను చేసి సరిచూసుకున్నాకే లోపలికి రానివ్వండి. సర్వేయరు వచ్చి చూసేదాకా తడిసిన సామాను బయట పారేయకండి.